నల్లుల బెడద – నిర్మూలన మార్గములు

పైరునకు పురుగు పట్టినచో రైతు ఆ ఉదయమే గట్టు మీది వారిని పిలిచి చూపును. ఏమి చేయవలెనని నలుగురిని అడుగును. ఇంటిలో నల్లి పడినచో మాత్రము ఎవరికిని చెప్పడు. చెప్పుకొన్నచో నామోషీయని, ఆ ఇల్లు శుభ్రము లేని ఇల్లని పదిమంది అనుకొందురని లోలోపలనే బాధపడును. కడకు విసిగి, పత్తికో మిరపకో కొట్టగా సీసాలో మిగిలిన మందును రాత్రివేళ మంచముపై చల్లును. ఆ మంచముపైననే ఆ రాత్రి పిల్లలు పరుండుదురు. ఈ వ్యాసము వ్రాయుటకు ముఖ్య కారణ మిదియే.

నల్లి వలన ప్రాణభయము లేదు. నల్లిని చంపబోయి ఇంటిలో విషము చల్లుట వలన ప్రాణభయము కలదు. పొలము మందు అక్కరలేకుండ, వేడినీరు, సబ్బు, సున్నము, ఓపిక అను నాలుగింటిని ఆధారముగా చేసికొని నల్లులను ఇంటినుండి తొలగించు విధానమును ఇచ్చట వివరించుచున్నాము.

నల్లి స్వభావము

శత్రువు గుణము తెలియనిదే యుద్ధము చేయరాదు. మన ఉష్ణ ప్రదేశములలో ఎక్కువగా కనిపించు నల్లిని శాస్త్రజ్ఞులు సైమెక్స్ హెమిప్టెరస్ అందురు. చలి దేశములలోని జాతి సైమెక్స్ లెక్టులేరియస్. రెండింటి నడవడియు దాదాపు ఒక్కటే. ఎదిగిన నల్లి 5 మొదలు 7 మిల్లీమీటర్ల పొడవుండును. చింతగింజ రంగులో, కాగితమువలె పలుచగా నుండును. రెక్కలు లేవు, ఎగురలేదు, దూకలేదు, నడచుటయే దానికి తెలిసిన విద్య. పలుచని శరీరమగుటచే పోస్టు కార్డు దూరగల సందు దానికి చాలును.

ఆడ నల్లి దినమునకు కొన్ని చొప్పున, తన జీవితకాలములో రెండు వందలకు పైగా గ్రుడ్లు పెట్టగలదు. గ్రుడ్డు మిల్లీమీటరు పొడవుతో, తెల్లగా, జిగురుతో సందులలో అంటుకొని యుండును. వేడి కాలములో సుమారు వారము దినములలో పగులును. పిల్ల నల్లి 5 సార్లు కుబుసము విడిచి పెద్దదగును. కుబుసము విడుచుటకు ముందు ప్రతిసారియు రక్తము త్రాగవలెను. గ్రుడ్డు మొదలు ఎదిగిన నల్లి వరకు అనుకూల పరిస్థితులలో 5, 6 వారములు పట్టును. ఈ లెక్కను గుర్తుంచుకొనుడు. ముందు చెప్పబోవు పనులకన్నిటికిని ఇదియే ఆధారము.

నల్లి మన ఒంటిపై నివసించదు. ఆ విషయములో పేనుకును దీనికిని పోలిక లేదు. పగలంతయు సందులలో దాగి, రాత్రి, ముఖ్యముగా తెల్లవారు జామున, మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును, శరీరపు వేడిని పసిగట్టి వచ్చును. 5 మొదలు 10 నిముషములు రక్తము పీల్చి తిరిగి సందు చేరును. ఆహారము లేకున్నను మన వేడిలో కొన్ని వారములు మొదలు రెండు మూడు నెలలు, చలి ప్రదేశములలో అంతకంటె చాల ఎక్కువ కాలము బ్రతుకగలదు. కావున ఇల్లు నెల దినములు తాళము వేసి పోయినంత మాత్రమున నల్లులు చచ్చునని తలంపరాదు.

నల్లి కాటు వలన ఏదైన రోగము ఒకరినుండి మరొకరికి వ్యాపించునని ఇంతవరకు ఋజువు కాలేదు. కాని నిద్ర చెడును. గోకుట వలన పుండ్లు పడును. నల్లులు విపరీతముగా నున్న ఇండ్లలో పసిబిడ్డలకు, వృద్ధులకు రక్తహీనత కలిగిన సందర్భములు కలవు. రాత్రి నిద్రలేని మనిషి పగలు కాడి పట్టలేడు, బడిలో పాఠము వినలేడు.

ఇంటికి ఎట్లు వచ్చును?

మురికిలోనుండి నల్లి పుట్టదు. మోసికొని రానిదే అది ఇల్లు చేరదు. పట్టణపు హాస్టలునుండి సెలవులకు వచ్చిన కుర్రవాని పెట్టెలో, వలస పనికి పోయి తిరిగివచ్చిన వారి బొంతలో, సంతలో కొన్న పాత మంచములో, పెండ్లికి వచ్చిన బంధువుల పరుపు చుట్టలో అది వచ్చును. బస్సు సీటులోను, సినిమా హాలు కుర్చీలోను తగులుకొని రావచ్చును. గర్భముతోనున్న ఒక్క ఆడ నల్లి చాలును. కలవారి ఇల్లని, లేనివారి ఇల్లని దానికి భేదము లేదు. కావున దీనిలో సిగ్గుపడవలసినది ఏమియు లేదు. సిగ్గుపడి దాచినచో మాత్రము ఇరుగు పొరుగు ఇండ్లకు కూడ పాకును.

పాత పెంకుటిండ్లలో మరొక మార్గము కలదు. నల్లి కోళ్ళ రక్తము కూడ త్రాగును. ఇంటి గోడను ఆనుకొని కోళ్ళ గూడు ఉన్నచో, మంచము ఎన్నిసార్లు కడిగినను గూటిలోని నల్లులు మరల వచ్చుచుండును. చూరులో పావురములు, గబ్బిలములు చేరిన ఇండ్లలోను ఇట్లే జరుగవచ్చును.

ఉనికిని గుర్తించుట

ఒంటిపై దద్దురులు చూచినంత మాత్రమున నల్లియని తీర్మానింపరాదు. దోమ కాటు, గజ్జి కూడ దురద పుట్టించును. కొందరికి నల్లి కుట్టినను దద్దురు లేవదు. కావున మంచమును పరీక్షించుడు. దుప్పటిపై చిన్న రక్తపు మరకలు, పట్టెల సందులలో సిరా చుక్కలవలె నల్లని మచ్చలు, గోధుమ రంగు కుబుసములు, తెల్లని గ్రుడ్లు, నలిపినచో ఒక విధమైన దుర్వాసన – ఇవి గుర్తులు. తెల్లవారు జామున 3, 4 గంటలకు టార్చిలైటుతో పరుపు అంచులు, పట్టెలు కాలితో కలియు బెజ్జములు, నులక ముడులు చూచినచో పురుగే కనిపించును.

మంచములో మొదలు పెట్టి, గోడ పగుళ్ళు, ద్వారబంధములు, పటముల వెనుక భాగము, కుర్చీ అతుకులు, ట్రంకు పెట్టెల అడుగు, కరెంటు బోర్డుల సందులు వరుసగా చూడుడు. ఎక్కడెక్కడ ఉన్నవో బొగ్గుతో గుర్తు పెట్టుకొనుట మంచిది. నల్లి సాధారణముగా మనిషి పరుండు చోటికి కొద్ది గజముల లోపలనే కాపురము పెట్టును.

పొలము మందు పడకకు తగదు

పైరుపై చల్లు మందు ఆరుబయట గాలికి, ఎండకు, వానకు విరిగిపోవును. అందుకే కోతకు ముందు ఇన్ని దినములు ఆగవలెనని చెప్పుదుము. నాలుగు గోడల నడుమ, దూది పరుపులో, నులకలో ఆ విషము చాల కాలము నిలిచియుండును. దానిపై ప్రతి రాత్రి ఏడెనిమిది గంటలు ముఖము ఆనించి నిద్రింతుము. పసిబిడ్డ ఆ దుప్పటినే నోటిలో పెట్టుకొనును. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి మందులు చర్మము ద్వారా కూడ శరీరములోనికి ప్రవేశించును.

పురుగుమందు పడకూడని చోట పడినచో ఏమగునో మన దేశము 1958లో చూచినది. ఆ సంవత్సరము కేరళ రాష్ట్రమునకు ఓడలో వచ్చిన ఆహార పదార్థములపై పారాథియాన్ అను పురుగుమందు ఒలికి, వాటిని తిన్నవారిలో 100 మందికి పైగా మరణించిరి. ఆ దుర్ఘటన తరువాత జరిగిన విచారణల ఫలితముగనే 1968లో పురుగుమందుల చట్టము వచ్చినది. డబ్బాపై వజ్రాకారపు గుర్తు ముద్రించుట ఆ చట్టము క్రింది నిబంధనల వలననే. క్రింది సగము ఎరుపైనచో అత్యధిక విషము, పసుపైనచో అధిక విషము, నీలమైనచో మధ్యరకము, ఆకుపచ్చయైనచో స్వల్పము. ఆకుపచ్చ గుర్తు ఉన్నంత మాత్రమున పైరు మందు పడకకు తగునని అర్థము కాదు.

అన్నిటికంటె ప్రమాదకరమైనవి ధాన్యపు గాదెలలో వాడు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలు. ఇవి గాలిలోని తేమ తగిలినంతనే ఫాస్ఫీన్ అను విషవాయువును విడుచును. నల్లులకని గదిలో ఈ బిళ్ళలు పెట్టుట వలన, ఆ గదిలోని వారేగాక ప్రక్క గదిలో నిద్రించువారు కూడ మరణించిన సంఘటనలు మన దేశములోను, విదేశములలోను జరిగినవి. తలుపు మూసినను వాయువు సందుల గుండ పోవును. దీనికి విరుగుడు లేదు. ఈ బిళ్ళలను ప్రభుత్వ సంస్థలు, శిక్షణ పొందిన పురుగు నివారణ సంస్థలు మాత్రమే నిపుణుల పర్యవేక్షణలో వాడవలెనని నిబంధన కలదు. ఎవరైన చాటుగా ఇచ్చినను తీసికొనకుడు.

పొరపాటున విషము సోకి చెమటలు, చొంగ, వాంతులు, కండరముల అదురు, ఊపిరాడకపోవుట కనిపించినచో, మనిషిని గాలి తగులు చోటికి చేర్చి, బట్టలు విప్పి, సబ్బునీటితో ఒళ్ళు కడుగుడు. బలవంతముగా వాంతి చేయింపకుడు. వెంటనే 108 వాహనమును పిలిచి, మందు సీసాను కూడ ఆసుపత్రికి తీసికొని పొండు. ఏ మందో తెలిసినచో వైద్యుడు కాలయాపన లేక చికిత్స చేయగలడు.

డి.డి.టి. నేర్పిన పాఠము

“ఒకప్పుడు డి.డి.టి. కొట్టగనే నల్లులు పోయెడివి గదా, అటువంటి గట్టి మందు చెప్పుడు” అని పెద్దలు అడుగుదురు. నిజమే. 1939లో డి.డి.టి. యొక్క కీటకనాశక శక్తిని పాల్ మ్యూలర్ కనుగొనెను. 1948లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. మన దేశములో 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము ప్రారంభమై, పల్లెలలో గోడలకు ఈ మందు చల్లిరి. దోమలతోపాటు నల్లులును రాలిపోయినవి. కాని 1947 నాటికే హవాయి దీవులలోని పెర్ల్ హార్బరులో ఈ మందునకు లొంగని నల్లులు కనిపించినవి. మన దేశములోను తరువాత అదే స్థితి వచ్చినది. మందు చావు తెప్పింపక చిరాకు మాత్రము కలిగింపగా నల్లులు సందులనుండి బయటపడి తిరుగసాగినవి. “ఈ మందు వలన నల్లులు పెరిగినవి” అని పలుచోట్ల ప్రజలు గోడలకు మందు చల్లనీయలేదు.

పత్తి రైతులకు ఈ కథ క్రొత్త కాదు. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో సింథటిక్ పైరిథ్రాయిడు మందులను మాటిమాటికి చల్లగా శనగపచ్చ పురుగు వాటికి లొంగక పత్తి రైతును ముంచినది. నేడు ఇంటి మందులలో ఎక్కువ భాగము ఆ పైరిథ్రాయిడుల జాతివే. నల్లులును అనేక చోట్ల వాటికి అలవాటు పడినవి. చావని పురుగునకు మోతాదు పెంచుట పొలములో నష్టము, పడకగదిలో ప్రమాదము. వేడికి మాత్రము ఏ నల్లియు అలవాటు పడలేదు.

మొదటి దినపు పని

నల్లి కుట్టిన పాపమునకు మంచమునకు దెబ్బలు తప్పవని సుమతీ శతకకారుడు ఏనాడో గమనించెను. మంచమును నేలకేసి కొట్టుట నేటికిని చూచుచున్నాము. కాని కొట్టినపుడు రాలునవి కొన్ని. చెదరి గోడలెక్కునవి కొన్ని. గ్రుడ్లు ఒక్కటియు రాలదు. కావున కొట్టవలదు, కాల్చవలదు, వేడినీరు పోయుడు.

48 డిగ్రీల సెంటీగ్రేడు వేడి గంటన్నర సేపు తగిలినచో నల్లియు, గ్రుడ్డును చచ్చును. 55 డిగ్రీలు దాటినచో దాదాపు వెంటనే చచ్చును. మరుగునీరు 100 డిగ్రీలు. ఇంతకు మించిన మందు లేదు.

మంచము : ఆరుబయటకు తెచ్చి, క్రింద తెల్లని గుడ్డ పరచుడు. నవారు మంచమైనచో నవారు విప్పి గంగాళములో ఉడికింపుడు. నులక పాతదైనచో విప్పి కాల్చివేసి క్రొత్త నులక అల్లించుడు. మంచిదైనచో ముడి ముడికి మరుగునీరు పోయుడు. పట్టెలను కాళ్ళనుండి ఊడదీసి బెజ్జములలో కెటిలు ముక్కుతో నిదానముగ పోయుడు. దూరమునుండి వెదజల్లిన నీరు దారిలోనే చల్లారును. ఆరిన పిమ్మట పగుళ్ళను లప్పముతో గాని మైనముతో గాని పూడ్చుడు. ఇనుప మంచపు గొట్టముల చివరలు తెరచియున్నచో అందును మరుగునీరు పోసి బిరడాలు బిగించుడు. పిల్లలను ఆ దాపునకు రానీయకుడు.

బట్టలు : దుప్పట్లు, దిండు గలేబులు, దోమతెరలు గదిలోనే సంచిలో మూటగట్టి తీసికొని పోవలెను; ఈడ్చుకొని పోయినచో దారి పొడవున నల్లులు రాలును. పూర్వము చాకలి బానలో ఉడికించెడివారు. ఆ పద్ధతియే శ్రేష్ఠము. ఉడికింపరాని బట్టలకు అంచులు, కుట్లు విడువకుండ వేడి ఇస్త్రీ పెట్టుడు.

పరుపులు, బొంతలు : రోహిణి కార్తె ఎండలో నల్లని పాలిథీను సంచిలో మూసి డాబాపై పెట్టినచో పలుచని బొంతలకు మేలు కలుగును. మందపాటి దూది పరుపు నడిమికి ఆ వేడి చేరదు. సంచి లేక ఊరక ఎండలో వేసినచో నల్లులు నీడ వైపునకు ప్రాకి బ్రతుకును. పరుపు కుట్లు ఊడి నల్లులు లోపల చేరియున్నచో, దూది తీసి మరల ఏకించి, ఉడికించిన గలేబులో కుట్టించుడు.

గోడలు : పటములు, క్యాలెండర్లు దింపుడు. పగుళ్ళను గట్టి చీపురు పుల్లతో గీకి, మరుగునీరు పోయదగిన చోట పోసి, మట్టితోనో సిమెంటుతోనో పూడ్చి సున్నము కొట్టుడు. ఒక్క పగులు మూసినచో ఒక కాపురము మూసినట్లే. కరెంటు బోర్డుల వద్ద నీరు వాడరాదు.

కోళ్ళ గూడు : ఇంటి గోడకు దూరముగ మార్చుడు. పాత చెక్కలు కాల్చి, లోపలి పగుళ్ళు పూడ్చి, సున్నము పూయుడు.

కిరసనాయిలు పూయుట పూర్వపు అలవాటు. తగిలిన నల్లి చచ్చును గాని, నిప్పు అంటుకొన్నచో ఇల్లే పోవును. పూరిండ్లలో అసలే కూడదు. వేపాకు పొగ వేసినచో నల్లులు చావవు, లోతైన సందులలోనికి పోవును.

మంచమును ద్వీపముగ చేయుడు

శుభ్రపరచిన మంచమును గోడకు అడుగు దూరముగ జరుపుడు. దుప్పటియు, దోమతెరయు నేలను తాకకుండ దోపుడు. నాలుగు కాళ్ళ క్రింద నాలుగు చిప్పలుంచి నీరు పోసి, కొంచెము సబ్బు కలుపుడు. మన జాతి నల్లి నున్నని గోడలను కూడ ఎక్కగలదు. అందుచేత ఉత్త చిప్ప చాలదు, సబ్బునీరు ఉండవలెను. వారమునకు రెండుసార్లు నీరు మార్చుడు. లేనిచో నల్లులకు బదులు దోమలను పెంచినవారగుదురు. చిప్పలో పడిన నల్లులను లెక్కించుడు. పైరులో దీపపు ఎర పనిచేసినట్లే ఈ లెక్క నల్లుల ఉధృతిని తెలుపును.

చాలమంది నల్లులకు జడిసి మరొక గదిలోనో వసారాలోనో పడక వేయుదురు. ఇది పొరపాటు. నల్లులు మనిషిని వెదకుకొనుచు అచ్చటికిని వచ్చి, ఒక గది బెడద రెండు గదులది యగును. శుభ్రపరచిన ఆ మంచముపైననే నిద్రింపుడు.

బాల్కన్ దేశములలో పూర్వము రాజ్మా చిక్కుడు ఆకులను రాత్రి గదిలో పరచి, తెల్లవారిన పిమ్మట నల్లులతో సహా కాల్చెడివారు. ఆ ఆకుపై కొక్కెముల వంటి నూగు నల్లి కాలిలో గుచ్చుకొని కదలనీయదని 2013లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. మన పందిరి చిక్కుడు ఆకు కూడ అట్లే పనిచేయునని భావింపరాదు. విషము లేకయే పురుగును పట్టవచ్చునని రైతులు ఎన్నడో కనుగొనిరని చెప్పుటకే దీనిని ఉదహరించితిమి.

మందు వాడక తప్పనిచో

గృహోపయోగమునకని, నల్లులకని పేరు పెట్టి లేబిలుపై వ్రాసియున్న మందునే కొనుడు. లేబిలుపై చెప్పిన మోతాదు మించరాదు. సందులలోను, పగుళ్ళలోను మాత్రమే కొట్టుడు. పరుపుపై, దుప్పటిపై, పిల్లల ఉయ్యాలపై కొట్టకుడు. గాలిలో పిచికారి చేయుట వ్యర్థము. పూర్తిగా ఆరి, గాలి ఆడిన పిమ్మటనే గదిలోనికి పోవలెను. గ్రుడ్లు మందునకు సాధారణముగ చావవు కావున, లేబిలు అనుమతించినచో, 10 మొదలు 14 దినముల పిమ్మట రెండవసారి వాడవలెను. పొలము స్ప్రేయరును ఇంటిలోనికి తేరాదు.

ఆరు వారముల క్రమము

ఒక్కనాటి పనితో నల్లి పోదు. మొదటి దినమున తప్పిపోయిన గ్రుడ్లు వారములో పగులును. కావున ప్రతి వారము ఒక దినము నియమించుకొని పక్కబట్టలు ఉడికించి, మంచపు బెజ్జములలో మరుగునీరు పోసి, చిప్పలు పరీక్షింపుడు. ఇట్లు 6 వారములు విడువకుండ చేసినచో, పుట్టిన పిల్లలు గ్రుడ్డు పెట్టు వయస్సు రాకముందే నశించును. తరువాత 2 నెలలు గుర్తులేవియు కనిపించనిచో ఇల్లు శుభ్రమైనట్లే. మూడవ వారమున నల్లులు తగ్గినవని పని మానువారే మరల మొదటికి వత్తురు.

గ్రామాధికారులకు మనవి

ఒకే గోడ పంచుకొను ఇండ్ల వరుసలో ఒక్క ఇల్లు శుభ్రపరచుట, నలుగురి చేలలో ఒకరు మాత్రమే ఎలుకలను పట్టుట వంటిది. కావున వరుస ఇండ్ల వారందరును ఒకే దినమున ఈ పని చేయునట్లు గ్రామాధికారులు పూనుకొనవలెను. పెద్ద గంగాళములు, వంటచెరకు ఉమ్మడిగా సమకూర్చవచ్చును. హాస్టళ్ళలో సెలవులకు ముందును, తెరచుటకు ముందును మంచములు, పెట్టెలు పరీక్షింపజేయుడు. వలస వెళ్ళి వచ్చిన కుటుంబములను వేలెత్తి చూపక, వారి బొంతలు ఉడికించుకొనుటకు తోడ్పడుడు. నింద పడునను భయముండినచో ఎవరును చెప్పరు. చెప్పనిచో ఊరంతయు పాకును.

రైతు సోదర సోదరీమణులారా! ఈ వారమే మీ మంచములు త్రిప్పి చూడుడు. గూటిలోనో అటకపైననో మిగిలిన పొలము మందు సీసా ఉన్నచో నేడే పిల్లలకు అందని చోట తాళము వేసి ఉంచుడు. నల్లి కనబడినచో పొరుగువారికి చెప్పుడు, పొయ్యిపై నీరు పెట్టుడు. ఆరు వారముల ఓపికతో మీ ఇంటికి నిద్ర తిరిగి వచ్చును.